కారు సెల్ఫ్ ఒకసారి తీసుకుని, ఇంకోసారి మొరాయిస్తుంటే: లోపం పట్టుకునే పద్ధతి

తాళం తిప్పితే చప్పుడు లేదు. రెండోసారీ లేదు. మూడోసారి ఏమీ జరగనట్టు స్టార్టయింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ పదిసార్లు తిప్పినా పదిసార్లూ బుద్ధిగా స్టార్టయింది. ఆయన మీ వంక అదోలా చూశాడు.

నా కారు దాదాపు రెండు నెలలు ఇలాగే ఏడిపించింది. మొదట బ్యాటరీ మార్చారు, నాలుగు రోజులు బాగుంది. తర్వాత సెల్ఫ్ మోటార్ (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటార్) మార్చారు, వారం బాగుంది. ఆ ‘బాగుంది’ అనేదే పెద్ద మోసం. వచ్చిపోయే లోపం ఉన్న కారు ఏమీ మార్చకపోయినా కొన్నాళ్లు బాగానే ఉంటుంది. ఆ రోజుల్లో ఏ పార్టు మారిస్తే దానికి పేరొస్తుంది. చివరికి నా కారులో దొరికిందేమిటో కింద చెబుతాను. ఇలాంటి లోపాన్ని అది ఉన్న క్షణంలోనే కొలవాలి, పోయాక కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. కాబట్టి మనం చేయాల్సిందల్లా ఆ క్షణానికి సిద్ధంగా ఉండటం.

మొరాయించగానే ఏం చూడాలి

చాలామంది టెన్షన్‌లో తాళాన్ని టపటపా తిప్పేస్తారు. ఆ తిప్పుడులో లోపం పోవచ్చు, దానితోపాటు ఆధారమూ పోతుంది. ఒక్కసారి స్టార్ట్ దాకా తిప్పి, రెండు మూడు సెకన్లు అలాగే పట్టుకోండి. చెవికి ఏం వినిపించింది? ఏమీ లేదా, ఒకే ఒక్క ‘టక్’మా, ఆగకుండా టకటకమా, లేక ఇంజిన్ తిరుగుతున్న శబ్దమా? కారు లోపలి లైటు వేసి ఉంచితే అది ఏమైంది? అలాగే వెలుగుతోందా, మసకబారిందా, మొత్తం ఆరిపోయిందా? డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ మిణుకుతోందా?

ఇవి ఫోన్‌లో రాసుకోండి. ఇంజిన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, వాన పడిందా, బండి ఎంతసేపు ఆగి ఉంది అన్నవి కూడా. వీడియో తీస్తే ఇంకా మేలు, ఆ శబ్దం మెకానిక్ కూడా వింటాడు. నాలుగైదు సార్లు రాశాక అందులో ఒక వరస కనిపించడం మొదలవుతుంది.

కరెంటు వెళ్లే రెండు దారులు

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. మొదటిది లావు దారి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్, సెల్ఫ్ మోటార్ మీదుండే అయస్కాంత స్విచ్ అయిన సోలినాయిడ్‌కి వెళ్తుంది. అందులోని రాగి కాంటాక్టులు కలిస్తే కరెంటు మోటార్‌లోకి, మోటార్ బాడీ నుంచి ఇంజిన్‌లోకి, అక్కణ్నుంచి ఎర్త్ కేబుల్ మీదుగా బ్యాటరీ మైనస్‌కి చేరుతుంది. చిన్న పెట్రోల్ కారులో కూడా ఈ దారిలో 100 నుంచి 200 ఆంపియర్లు పారతాయి. డీజిల్ అయితే ఇంకా ఎక్కువ.

రెండోది సన్న దారి. సోలినాయిడ్‌కి ‘లాగు’ అని చెప్పే దారి ఇది. ఇగ్నిషన్ స్విచ్, క్లచ్ స్విచ్ (ఆటోమేటిక్‌లో అయితే పార్క్-న్యూట్రల్ స్విచ్), స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), చివరికి సోలినాయిడ్ మీదున్న చిన్న టెర్మినల్. వైరింగ్ బొమ్మల్లో చాలాచోట్ల దాన్ని 50 అనే నంబరుతో చూపిస్తారు. కొత్త కార్లలో మధ్యలో ఒక కంప్యూటర్ కూడా కూర్చుంటుంది.

‘టక్’ వినిపించిందంటే సన్న దారి ఏదో మేరకు పనిచేసినట్టే, లావు దారిని అనుమానించండి. అసలు శబ్దమే లేకపోతే సన్న దారిని పట్టుకోండి. ఇక్కడ తడబడితే సన్న వైరు లోపానికి మోటార్ మారుస్తాం, నా విషయంలో జరిగిందదే.

కావలసినవి ఒక మల్టీమీటర్, ఒక టెస్ట్ ల్యాంపు (వైరు తగిలించిన చిన్న బల్బు), పక్కన తాళం తిప్పడానికి ఇంకో మనిషి. గేరు న్యూట్రల్‌లోనో పార్క్‌లోనో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. ఉంగరాలు, చేతి గొలుసులు తీసేయండి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ ముందు తీయాలి, పెట్టేటప్పుడు మైనస్ చివర్లో పెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి ‘ఆల్టర్నేటర్ టెస్టు’ చేసే పాత అలవాటు ఉంటే మానేయండి. ఆ ఒక్క క్షణంలో లేచే వోల్టేజికి ఎలక్ట్రానిక్స్ కాలిపోవచ్చు. హైబ్రిడ్ కారులో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లొద్దు.

టకటకమంటూ కొట్టుకుంటోంది, లైట్లు మసకబారుతున్నాయి

సోలినాయిడ్ లోపలికి లాగుతుంది, మోటార్ ఒక్కసారిగా కరెంటు గుంజుతుంది, వోల్టేజి పడిపోతుంది, పట్టు చాలక సోలినాయిడ్ వదిలేస్తుంది. బరువు పోగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ టకటక అంతా ఇదే. ఎక్కువ సార్లు కారణం బ్యాటరీ డౌన్ కావడమో, టెర్మినల్ లూజ్ కావడమో. అరుదుగా సోలినాయిడ్‌లో పట్టి ఉంచే చుట్ట తెగినా ఇలాగే కొట్టుకుంటుంది, అప్పుడు బ్యాటరీ నిండుగానే ఉంటుంది.

బండి ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ కొలవండి. అంత ఆగలేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కాసేపాగి కొలవండి. లేకపోతే పైపై చార్జి మిమ్మల్ని మోసం చేస్తుంది. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర సుమారు సగం, 12 కంటే తక్కువైతే ముందు చార్జి పెట్టాలి. ఈ సంఖ్య ఒక్కటే చూసి బ్యాటరీ మంచిదని తీర్పు ఇవ్వొద్దు. అసలు పరీక్ష సెల్ఫ్ కొట్టేటప్పుడే. ఆ సమయంలో 9.6 కంటే కిందికి పడకూడదు. 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కి జారిపోయే బ్యాటరీ ఉంటుంది. దానిలో ఒక సెల్ పోయి ఉండొచ్చు.

మీటరు మొనను ఎక్కడ ఆనిస్తున్నారో కూడా చూసుకోండి. సీసపు పోస్టు మీద ఒకసారి, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఇంకోసారి కొలవండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు పోస్టు మీద 12 ఉండి, క్లాంపు మీద 6కి పడిందంటే బ్యాటరీ తప్పు లేదు, ఆ రెండింటి మధ్య వెంట్రుకంత మందాన పేరుకున్న పొరది తప్పు. తెల్లటి పొడి కనిపించకపోయినా లోపలి అంచున నల్లటి పొర ఉండొచ్చు. క్లాంపు తీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, పోస్టునూ క్లాంపు లోపలి వైపునూ మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. బిగించాక క్లాంపును చేత్తో తిప్పితే కదలకూడదు.

ఇంకో కారుతో జంప్ పెడితే స్టార్టయింది కాబట్టి బ్యాటరీయే పోయిందని చాలామంది తేల్చేస్తారు. తొందరపడకండి. జంప్ కేబుల్ కొరికి పట్టుకున్నప్పుడు చెడిన జాయింటు కదిలి కలిసి ఉండొచ్చు, లేదా కరెంటు దాన్ని తప్పించుకుని వేరే చోటు నుంచి లోపలికి వెళ్లి ఉండొచ్చు.

స్టార్టయ్యాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మామూలుగా 13.8 నుంచి 14.7 వోల్టుల మధ్య రావాలి. రాకపోతే చార్జింగ్ వైపు చూడండి, సెల్ఫ్‌తో పని లేదు. కొన్ని కొత్త కార్లు బ్యాటరీ నిండగానే కావాలనే చార్జింగ్ తగ్గిస్తాయి, ఆ సంగతి గుర్తుంచుకోండి.

ఒకే ఒక్క ‘టక్’, ఆ తర్వాత నిశ్శబ్దం

ఇక్కడ లోపలి లైటే మంచి సాక్షి. ‘టక్’ మన్నాక లైటు ఏమాత్రం మసకబారకపోతే కరెంటు మోటార్ దాకా వెళ్లడం లేదన్నమాట. సోలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు కాలి గుంటలు పడి ఉండొచ్చు, మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు (తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే ముక్కలు) అరిగి ఆనకపోతుండొచ్చు. బ్రష్‌ల విషయంలో మోటార్ ఏ స్థానంలో ఆగిందన్న దాన్ని బట్టి ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. అందుకే ఈ దాగుడుమూతలు. లైటు బాగా మసకబారితే కరెంటు వెళ్తోంది కానీ మోటార్ ఇరుక్కుంది, లేదా బ్యాటరీకి ఆ శక్తి లేదు. లైటు మొత్తం ఆరిపోతే బ్యాటరీ టెర్మినల్ దగ్గరే జాయింటు చెడి ఉండొచ్చు.

అనుమానం మోటార్ మీదికి వస్తే, ఒకరు తాళం పట్టుకుని ఉండగా ఇంకొకరు మోటార్ బాడీ మీద చెక్కముక్కతో మెల్లగా తట్టాలి. తిరిగిందంటే బ్రష్‌లు గానీ కాంటాక్టులు గానీ అరిగినట్టు. సుత్తితో బాదొద్దు. చాలా సెల్ఫ్ మోటార్లలో అయస్కాంతాలు లోపల అతికించి ఉంటాయి, గట్టి దెబ్బకు పగులుతాయి. తట్టడం రోగం తెలుసుకోవడానికే, దాన్నే వైద్యంగా వాడుకుంటూ నెలలు గడిపేవాళ్లూ ఉన్నారు.

ఇక కేబుళ్లు. వీటిని వోల్టేజి చూసి కాదు, వోల్టేజి నష్టం చూసి పట్టుకోవాలి. కేబుల్‌లో వంద పోగుల్లో ఒక్క పోగు మిగిలినా, ఖాళీగా ఉన్నప్పుడు మీటరు 12.6 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తాగే కరెంటు లేనట్టే లెక్క. 150 ఆంపియర్లు పారాల్సి వచ్చినప్పుడు 0.02 ఓం నిరోధం చాలు, 3 వోల్టులు అక్కడే మాయమవుతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు ఓం రేంజిలో చూపించలేదు.

ముందు ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసేయండి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా తిరుగుతుంది. మీటరు నల్ల మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఎర్ర మొన సెల్ఫ్ మోటార్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులకు మించకూడదు. మించితే ఎర్త్ వైపు లోపం. తర్వాత ఎర్ర మొన ప్లస్ పోస్టు మీద, నల్ల మొన సోలినాయిడ్ నుంచి మోటార్‌లోకి వెళ్లే బోల్టు మీద. సెల్ఫ్ కొట్టకముందు ఇక్కడ 12 దాకా కనిపిస్తుంది, కంగారు పడొద్దు, కాంటాక్టులు తెరిచి ఉన్నాయి కాబట్టి అంతే. కొట్టేటప్పుడు 0.5కి మించకూడదు. మించితే ఒక్కో జాయింటునూ దాటుకుంటూ రండి. పోస్టు నుంచి క్లాంపు, క్లాంపు నుంచి కేబుల్ చివర, కేబుల్ చివర నుంచి బోల్టు. ఎక్కడ సంఖ్య ఎగిరిందో అక్కడే దొంగ. ఒక్కో కొలతకు 5 సెకన్లు చాలు. 10 సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో మోటార్ చల్లారనివ్వండి.

ఒక స్నేహితుడి కారులో కొలిస్తే ఎర్త్ వైపు 2 వోల్టులకు పైగా వచ్చింది. బోల్టులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. కేబుల్‌ను వేళ్లతో నొక్కుకుంటూ పోతే లగ్గు (కేబుల్ చివరి లోహపు కొన) దగ్గర ఒకచోట గరగరలాడింది, లోపల ఇసుక ఉన్నట్టు. తొడుగు కోసి చూస్తే రాగి లేదు, దాని చోట ఆకుపచ్చ చిలుము. కేబుల్ అటూ ఇటూ వంగినప్పుడల్లా మిగిలిన నాలుగు పోగులు కలిసేవి, విడిపోయేవి. ఇలాంటి అనుమానం ఉంటే జంప్ కేబుల్ ఒకటి తీసుకుని బ్యాటరీ మైనస్‌ను, ఇంజిన్ మీద రంగులేని లోహాన్ని నేరుగా కలపండి. అలా పెట్టినప్పుడల్లా స్టార్టయితే ఎర్త్ కేబుల్ మార్చాల్సిందే. ఎర్త్ చెడితే కరెంటు తిరిగి వెళ్లడానికి గేరు కేబుళ్లు, యాక్సిలరేటర్ కేబుల్ వెతుక్కుంటుంది, సెల్ఫ్ కొట్టాక అవి వేడెక్కితే ఇక వేరే రుజువు అక్కర్లేదు.

శబ్దమే లేదు, లైట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి

సన్న దారి. టెర్మినల్ 50 దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టి తాళం తిప్పించండి. ల్యాంపు బాగా వెలిగి కూడా ‘టక్’ లేకపోతే సోలినాయిడే పోయింది, లేదా మోటార్‌కి ఎర్త్ లేదు. వెలగకపోతే వెనక్కి నడవాలి. ఇక్కడ మీటరు కంటే ల్యాంపే నమ్మకం, అది నిజంగా కరెంటు తాగుతుంది.

వెనక్కి నడిస్తే మొదట తగిలేది రిలే. చాలా కార్లలో అదే నంబరున్న ఇంకో రిలే పక్కనే ఉంటుంది, తరచుగా హార్న్‌ది. రెండూ మార్చి పెట్టి కొన్ని రోజులు చూడండి. సెల్ఫ్ బాగుపడి హార్న్ మొరాయిస్తే కేసు తేలినట్టే. రిలే ‘టిక్’మన్నంత మాత్రాన మంచిదని అనుకోవద్దు. చుట్ట పనిచేస్తూ, లోపలి కాంటాక్టు కాలిపోయి ఉండొచ్చు. తాళం తిప్పినప్పుడు రిలేకి కరెంటు వచ్చే 30 పిన్ను దగ్గర ఉన్న వోల్టేజి, బయటికి వెళ్లే 87 పిన్ను దగ్గర కూడా రావాలి. రిలే కూర్చునే సాకెట్లో పిన్నులు సాగి వదులైపోవడం కూడా మామూలే.

ఆటోమేటిక్ అయితే పార్క్‌లో స్టార్ట్ కానప్పుడు న్యూట్రల్‌లో ప్రయత్నించండి. న్యూట్రల్‌లో స్టార్టయితే పార్క్-న్యూట్రల్ స్విచ్చో, లివర్ కేబుల్ సర్దుబాటో తప్పింది. మాన్యువల్ అయితే క్లచ్ ఒకసారి పూర్తిగా వదిలి, మళ్లీ అడుగంటా తొక్కండి. తాళాన్ని స్టార్ట్ స్థానంలో ఉంచి మెల్లగా పైకి కిందికి ఒత్తితే అందుకుంటోందా? అప్పుడు ఇగ్నిషన్ స్విచ్ అరిగింది. బరువైన తాళాల గుత్తి దానికి ఒక కారణం కావచ్చు.

బటన్ స్టార్ట్ ఉన్నవాళ్లు ముందు బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. బ్రేక్ స్విచ్ పోతే మీరు బ్రేక్ తొక్కారని కారుకు తెలియదు. తర్వాత తాళం రిమోట్‌లో బ్యాటరీ మార్చండి. రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి, అలా అయితే రిమోట్ బ్యాటరీయే.

వేడెక్కాక మాత్రమే తీసుకోదు

చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది, గంట నడిపి ఆపి పది నిమిషాల్లో వస్తే మొండికేస్తుంది. ఇంజిన్ ఆపాక గాలి ఆడక, సెల్ఫ్ ఉన్న చోట వేడి ఇంకా పెరుగుతుంది. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, 80 డిగ్రీలు పెరిగితే 30 శాతం పైనే. సోలినాయిడ్ లాగేటప్పుడు క్షణకాలం కొన్ని పదుల ఆంపియర్లు తాగుతుంది. అప్పటికే అరిగిన స్విచ్చు, పాత వైరు కలిసి ఒకటి రెండు వోల్టులు మింగుతుంటే, వేడి సోలినాయిడ్‌కి మిగిలింది చాలదు. కాబట్టి సోలినాయిడ్ మార్చేముందు, వేడిగా ఉన్నప్పుడే టెర్మినల్ 50 దగ్గర వోల్టేజి కొలవండి. 10కి పైన ఉండి కూడా లాగకపోతే సోలినాయిడ్ తప్పు. 8 లోపు ఉంటే, అప్పుడే బ్యాటరీ మీద కూడా కొలిచి చూడండి. అక్కడ 12 దాకా ఉంటే మీ సమస్య వైరులో ఉంది.

సెల్ఫ్ చక్కగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

ఇది వేరే కథ, సెల్ఫ్‌ను వదిలేయండి. తాళం ఆన్ చేయగానే వెనక ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు గుర్రుమనడం చాలా పెట్రోల్ కార్లలో వినిపిస్తుంది. ఆ శబ్దం లేని రోజునే స్టార్ట్ కాకపోతే పంపు రిలే, మెయిన్ రిలే చూడండి. రిలే లోపల సోల్డరింగ్ చిట్లితే వేడికి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది.

వేడిలో మాత్రమే వస్తే మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది) మీద. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లును గమనించండి. చాలా కార్లలో అది కొంచెమైనా కదలాలి. ఇంజిన్ తిరుగుతున్నా ముల్లు సున్నా దగ్గరే పడుకుంటే సెన్సార్ నుంచి సిగ్నల్ రావడం లేదు. స్కానర్‌లో పి0335 కోడ్ పడొచ్చు, ఒక్కోసారి పడకపోవచ్చు. సెన్సార్ మార్చేముందు దాని కనెక్టర్ విప్పి, నూనె గానీ చిలుము గానీ ఉందేమో చూడండి.

స్టార్టయి రెండు సెకన్లకే ఆగిపోతూ, తాళం బొమ్మ మిణుకుతుంటే అది ఇమ్మొబిలైజర్ (తాళంలోని చిప్పును గుర్తుపడితే గానీ ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు). రెండో తాళంతో ప్రయత్నించండి. గుత్తిలో ఇంకో కారు తాళం ఉంటే దాన్ని విడదీయండి, రెండు చిప్పులు పక్కపక్కన ఉంటే గందరగోళం కావచ్చు.

గిర్రున ఖాళీగా తిరిగితే

సెల్ఫ్ తిరుగుతున్న శబ్దం వస్తుంది, ఇంజిన్ మాత్రం కదలదు. బెండిక్స్ (సెల్ఫ్‌ను ఇంజిన్‌కు కలిపే పళ్లచక్రం) జారుతోంది, లేదా అది పట్టుకునే ఇంజిన్ చక్రం, అంటే ఫ్లైవీల్, మీది రింగ్ గేర్ పళ్లు ఒకచోట అరిగాయి. ఇది ఎలక్ట్రికల్ లోపం కాదు, మోటార్ దింపక తప్పదు.

రెండు మూడు రోజులు ఆపితేనే బ్యాటరీ డౌన్ అవుతోంది

ఏదో నిద్రపోకుండా కరెంటు తాగుతోంది. బండి లాక్ చేశాక కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అరగంట, గంట పట్టొచ్చు. ఆ తర్వాత కూడా 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. అర ఆంపియర్ తాగుతుంటే రోజుకు 12 ఆంపియర్-అవర్లు పోయినట్టు, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు కూడా ఆగదు. ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకితే కంప్యూటర్లు మళ్లీ మేలుకుంటాయి. దానికి బదులు ఫ్యూజ్ నెత్తిన ఉన్న రెండు చుక్కల మీద మీటరును మిల్లీ వోల్టులలో పెట్టండి. సున్నా కాని సంఖ్య కనిపించిన ఫ్యూజు వెనకే దొంగ ఉన్నాడు. తర్వాత పెట్టించిన కెమెరా, స్టీరియో, డిక్కీలో ఆరని లైటు, చెడిన ఆల్టర్నేటర్ డయోడు ఇందులో పాత నేరస్తులు.

ఎంత చూసినా దొరకకపోతే: కాపలా దీపం

నా కారు ‘శబ్దం లేదు, లైట్లు బాగున్నాయి’ రకం. మెకానిక్ ముందు ఎప్పుడూ రాలేదు. చివరికి టెర్మినల్ 50 నుంచి 1 ఆంపియర్ ఫ్యూజుతో ఒక సన్న వైరు లాగి, సైలెన్సర్‌కు తగలకుండా లోపలికి తెచ్చి, 12 వోల్టుల చిన్న ఎల్‌ఈడీ ఒకటి స్టీరింగ్ పక్కన టేపుతో అంటించాను. రెండో వైరు బాడీకి ఎర్త్. తాళం తిప్పిన ప్రతిసారీ అది వెలగాలి. మొరాయించిన రోజు వెలిగితే తప్పు సెల్ఫ్ వైపు, వెలగకపోతే తాళం నుంచి రిలే దాకా ఎక్కడో.

పదకొండు రోజులు రోజూ వెలిగింది, రోజూ స్టార్టయింది. పన్నెండో రోజు సాయంత్రం వెలగలేదు. తాళం వదల్లేదు. క్లచ్ మీంచి కాలు తీసి మళ్లీ తొక్కాను, వెలిగింది, స్టార్టయింది. ఆపి, ఫోన్ టార్చితో పెడల్ కిందికి తల దూర్చాను. పెడల్ కొమ్మకు ఒక రంధ్రం, అందులో స్విచ్ మొనను నొక్కే ప్లాస్టిక్ బిళ్ల. అది సగం విరిగి ఉంది. కాలు కాస్త ఒక పక్కగా పడితే స్విచ్ మొన మిగిలిన సగానికి తగిలేది, ఇంకో పక్కగా పడితే రంధ్రంలోకి దూరిపోయేది. విరిగిన సగం తాలూకు తెల్ల ముక్కలు నెల క్రితం మ్యాట్ దులిపినప్పుడు నా చేతికే వచ్చాయి, ఏదో చెత్త అనుకుని పారేశాను.

కొత్త బిళ్ల నొక్కి పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. ఊడదీసిన పాత సెల్ఫ్‌కు బ్యాటరీ కలిపి చూస్తే గిర్రున తిరిగింది. ఇప్పటికీ అటక మీద ఉంది.